దుబాసీ ఉన్నంత దూరం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు గేమింగ్ పీసీ కట్టించుకోవడానికి వచ్చే కుర్రాడికి లెక్కలన్నీ ముందే నోటికి వచ్చి ఉంటాయి. ఏ ప్రాసెసర్‌కు ఏ మదర్‌బోర్డు పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు ఎంత పలుకుతోంది, పవర్ సప్లై ఎన్ని వాట్లుండాలి, అన్నీ తెలుసు. ఒక షాపులో రాయించుకున్న కొటేషన్ పట్టుకుని ఇంకో షాపు మెట్లెక్కుతాడు. వెయ్యి రూపాయలు తగ్గినా తగ్గినట్టే. అంత గట్టిగా బేరమాడే మనిషి ఒక్క వరస దగ్గర మాత్రం నోరు మెదపడు. ఆపరేటింగ్ సిస్టమ్ ఏది వేయాలన్న ప్రశ్నే అతనికి తోచదు. ఆటల కంప్యూటర్ అంటే విండోస్. ట్యాపు తిప్పితే నీళ్లు వచ్చినట్టు, మీట నొక్కితే విండోస్ రావాలి.

ఆ వరసలో లినక్స్ అనే, ఉచితంగా దొరికే వ్యవస్థ పేరు రాయించాలని పాతికేళ్లకు పైగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. చాలావరకు చతికిలపడ్డాయి. ఈ మధ్య ఒకటి నిలబడింది. ఎందుకు నిలబడింది, ఎంతవరకు నడుస్తుంది అన్నది తేల్చాలంటే కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి.

1990ల మధ్యలో విండోస్‌కు కూడా సరిగ్గా ఇదే తలనొప్పి ఉండేది. అప్పట్లో ఆటలు చాలావరకు డాస్ అనే పాత వ్యవస్థలో నడిచేవి. 1993లో వచ్చిన ‘డూమ్’ కోసం జనం విండోస్‌ను మూసేసి డాస్‌లోకి వెళ్లేవారు. ఆటగాళ్లు రాకపోతే విండోస్ 95 ఆఫీసు గుమాస్తాల సరుకుగానే మిగిలిపోతుందని మైక్రోసాఫ్ట్‌కు అర్థమైంది. ఆటలు విండోస్‌లో నడవడానికి వీలు కల్పించే డైరెక్ట్‌ఎక్స్ పుట్టింది ఆ అవసరంలోంచే. ‘డూమ్’ను విండోస్ 95కు తెచ్చిన బృందాన్ని నడిపిన మనిషి గేబ్ న్యూవెల్. మైక్రోసాఫ్ట్‌లో 13 ఏళ్లు పనిచేసి, 1996లో బయటికొచ్చి, మైక్ హారింగ్టన్‌తో కలిసి వాల్వ్ అనే ఆటల కంపెనీ పెట్టాడు. 1998లో ‘హాఫ్ లైఫ్’, 2003లో స్టీమ్ అనే ఆటల దుకాణం వచ్చాయి. ఆటలు ఎటు వెళ్తే ఆపరేటింగ్ సిస్టమ్ భవిష్యత్తు అటే వెళ్తుందని చేత్తో చేసి తెలుసుకున్నవాడు కాబట్టి, తర్వాత అతను చేసిన పనికి అంత అర్థం వచ్చింది.

2012లో విండోస్ 8 రాబోతోంది. దానితోపాటు మైక్రోసాఫ్ట్ సొంత యాప్ దుకాణమూ వస్తోంది. అద్దె ఇంట్లో కొట్టు పెట్టి బాగుపడ్డవాడికి ఇంటి యజమాని పక్క గదిలోనే అదే వ్యాపారం మొదలుపెడితే ఎలా ఉంటుందో, వాల్వ్ పరిస్థితి అలా ఉంది. ఆ ఏడాది జులైలో సియాటిల్‌లో జరిగిన ఒక పరిశ్రమ సభలో న్యూవెల్ విండోస్ 8 పీసీ రంగానికంతటికీ ఉపద్రవమని బాహాటంగా చెప్పేశాడు. మరుసటి నెలలో వాల్వ్ ఇంజనీర్లు ఒక లెక్క బయటపెట్టారు. ‘లెఫ్ట్ 4 డెడ్ 2’ను లినక్స్‌కు మార్చినప్పుడు మొదట సెకనుకు 6 ఫ్రేములే వచ్చాయట. పని చేయగా చేయగా 315కు చేరింది. అదే యంత్రం మీద విండోస్ 7లో 270.6. ఒకే ఒక్క ఆట, అదీ సొంత ఆట. అయినా లినక్స్ అభిమానులకు అది పండగే.

2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. సెప్టెంబరులో స్టీమ్‌ఓఎస్‌ను ప్రకటించారు. డెబియన్ లినక్స్ ఆధారంగా కట్టినది, డబ్బు కట్టక్కర్లేనిది, ఎవరైనా దింపుకుని వేసుకోదగినది. దాన్ని పెట్టుకుని టీవీ పక్కన కూర్చునే ‘స్టీమ్ మెషీన్’లను వేర్వేరు కంపెనీలు తయారుచేస్తాయన్నారు. కంట్రోలర్ తెమలక అవి 2015 నవంబరు దాకా వాయిదా పడ్డాయి. ఈలోగా ఏలియన్‌వేర్ ఓపిక పట్టలేక, అదే పెట్టెలో విండోస్ వేసి అమ్మేసింది.

చివరికి స్టీమ్ మెషీన్లు వచ్చేసరికి లినక్స్‌లో నడిచే ఆటలు పదిహేను వందల చిల్లర. వినడానికి పెద్ద సంఖ్యే. కొన్నవాడు ఆడాలనుకున్నవి మాత్రం తరచు అందులో ఉండేవి కావు. ఆర్స్ టెక్నికా అనే అమెరికా టెక్ పత్రిక ఒకే యంత్రం మీద రెండు వ్యవస్థలనూ పెట్టి చూస్తే, పెద్ద ఆటలు స్టీమ్‌ఓఎస్‌లో బాగా నెమ్మదించాయి. వాల్వ్ సొంత ఆటలు కూడా విండోస్‌ను దాటలేకపోయాయి. ఆటలు లేవు కాబట్టి జనం రారు, జనం లేరు కాబట్టి ఆటలు రావు. చెట్టు ముందా, విత్తు ముందా? 2018 వసంతంలో స్టీమ్ దుకాణం మెనూలోంచి ఆ యంత్రాల పేరు చడీచప్పుడు లేకుండా మాయమైంది.

ఈ ఓటమి కొత్తదేమీ కాదు. 1998లో మొదలైన లోకి సాఫ్ట్‌వేర్ అనే అమెరికా కంపెనీ ‘క్వేక్ 3’ లాంటి ఆటలను లినక్స్‌కు మార్చి అమ్మి, 2002 జనవరిలో మూతపడింది. ఒక్కో ఆటను పట్టుకుని లినక్స్ భాషలోకి తిరగరాయడం ఖర్చుతో కూడిన పని. కొనేవాళ్లు వందలో ఒకరు. 2020లో ‘రాకెట్ లీగ్’ లినక్స్ కూర్పును ఆపేసి, కొన్నవారికి డబ్బు వాపసు ఇవ్వడానికి సిద్ధపడింది. లినక్స్ కోసం ప్రత్యేకంగా ఆటలు రాయించాలన్న దారి ఎవరు నడిచినా అక్కడికే చేరింది.

అసలు మలుపు ఇంకోవైపు నుంచి వచ్చింది. ఆటల చేత లినక్స్ మాట్లాడించడం మానేసి, మధ్యలో ఒక దుబాసీని పెట్టారు.

దుబాసీ అంటే తెలుగువారికి వేరే చెప్పాలా? కుంపినీ కాలంలో తెల్లదొర మాట దేశస్థుడికి, దేశస్థుడి మాట దొరకు చెప్పి, మద్రాసులో మేడలు కట్టినవాళ్లు దుబాసీలు. కాశీయాత్ర చేసి తెలుగులో దాని చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరే. కంప్యూటర్ లోకంలో ఆ పని చేసేది ‘వైన్’. 1993లో మొదలైంది. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్ దాని పగ్గాలు పట్టుకుని ఉన్నాడు. తొలి అధికారిక కూర్పు అనదగ్గది రావడానికి 2008 దాకా పట్టింది. పదిహేనేళ్లు! విండోస్ ప్రోగ్రాం ‘ఫైల్ తెరువు’, ‘కిటికీ గీయి’ అని అడిగే ప్రతి మాటనూ అందుకుని, దానికి సమానమైన లినక్స్ పని చేయించి, జవాబును మళ్లీ విండోస్ మాటల్లో అప్పజెప్పడం దాని ఉద్యోగం.

మామూలు ప్రోగ్రాములకు అది సరిపోయేది. ఆటల్లో బొమ్మ గీసే డైరెక్ట్‌ఎక్స్ దగ్గర మాత్రం దుబాసీకి నాలుక మడత పడేది. 2016 ఫిబ్రవరిలో వల్కన్ వచ్చాక చిక్కు విడింది. ఏ కంపెనీ సొత్తూ కాని గ్రాఫిక్స్ ప్రమాణం అది. గ్రాఫిక్స్ కార్డుతో దాదాపు ముఖాముఖి మాట్లాడగలదు. ఫిలిప్ రెబోలె అనే ప్రోగ్రామర్‌కు ‘నియర్ ఆటోమాటా’ను లినక్స్‌లో ఆడాలనిపించింది. అందుకోసం డైరెక్ట్‌ఎక్స్ 11 మాటలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేను రాయడం మొదలుపెట్టాడు. ఒక్క ఆట మీది మోజు. 2018 మొదట్లో వాల్వ్ అతనికి జీతమిచ్చి ఆ పనిలోనే కూర్చోబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో వైన్, డీఎక్స్‌వీకే, ఇంకొన్ని ముక్కలు కలిపి ‘ప్రోటాన్’ పేరుతో స్టీమ్‌లో పెట్టేశారు. మొదటి రోజు హామీ ఇచ్చినవి 27 ఆటలే. మిగతావి ఎవరి పూచీ మీద వాళ్లు ఆడుకోవచ్చన్నారు. జనం ఆడుకున్నారు. ఏ ఆట నడిచింది, ఏది కూలింది అని ప్రోటాన్‌డీబీ అనే చోట రాసిపెట్టుకున్నారు.

ఈ మాయ ఎలా ఉంటుందో కళ్లతో చూడాలంటే, లినక్స్‌లో స్టీమ్ పెట్టుకున్నవారు ‘కంపాట్‌డేటా’ అనే ఫోల్డర్ తెరిస్తే చాలు. లోపల ఒక్కో ఆటకు ఒక్కో నంబరు గది. గదిలో ‘డ్రైవ్ సి’. అందులో ‘విండోస్’ ఫోల్డర్, దానిలో ‘సిస్టమ్32’. ‘యూజర్స్’లోకి వెళ్తే ‘స్టీమ్‌యూజర్’ అన్న పేరుతో ఎవరో కాపురం ఉంటారు. ఆ మనిషి లేడు, ఆ సి డ్రైవూ లేదు. నాటకానికి కట్టిన తెర అది. ఆట మాత్రం తాను విండోస్ ఇంట్లోనే ఉన్నాననుకుని, ఆ ‘స్టీమ్‌యూజర్’ పత్రాల్లో సేవ్ ఫైల్ రాసుకుపోతుంది.

తెర ముందు ఇంత తేలిగ్గా ఉందంటే వెనక లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ కూడా కొన్ని అలవాట్లు మార్చుకోవాల్సి వచ్చింది. ఆటలు ఒకేసారి పది పనులు నడుపుతూ ‘వీటిలో ఏది ముందు పూర్తయితే అది చెప్పు’ అని కాచుకుంటాయి. విండోస్‌కు అది పుట్టుకతో వచ్చిన విద్య. లినక్స్‌లో దానికి సరైన సాధనం లేక దుబాసీ తంటాలు పడేది. 2022 జనవరిలో వచ్చిన 5.16 కెర్నెల్‌లో ఒక వెసులుబాటు చేరింది. 2025 మార్చిలో 6.14తో ‘ఎన్‌టీసింక్’ అనే ఏర్పాటు వచ్చింది. ఇది అచ్చంగా విండోస్ పద్ధతిని అనుకరించడానికే రాసినది. కొత్త అల్లుడి అలవాట్లకు అత్తవారిల్లు సర్దుకున్నట్టుంది వ్యవహారం.

2022 ఫిబ్రవరి ఆఖరున చేతిలో పట్టే స్టీమ్ డెక్ కొన్నవారికి అందడం మొదలైంది. ఏడంగుళాల తెర, ఏఎమ్‌డీ చిప్, 16 జీబీ మెమరీ, ప్రారంభ ధర 399 డాలర్లు. లోపల కొత్త స్టీమ్‌ఓఎస్ 3. ఈసారి పునాది ఆర్చ్ లినక్స్. మూల వ్యవస్థను మామూలుగా ముట్టుకోవడానికి వీల్లేకుండా చదవడానికే పరిమితం చేశారు. రెండు ప్రతులు పక్కపక్కన ఉంచుతారు. ఒకటి వాడుతుండగా అప్‌డేట్ రెండోదానికి ఎక్కుతుంది, తేడా వస్తే పాతదానికి పోవచ్చు. లినక్స్ అనగానే టెర్మినల్లో కమాండ్లు కొట్టాలని జడిసేవాడికి ఇందులో అసలు లినక్స్ కనబడదు. పవర్ బటన్ నొక్కితే ఆట ఉన్నచోట ఆగుతుంది, మళ్లీ నొక్కితే అక్కడి నుంచే సాగుతుంది. పాత స్టీమ్ మెషీన్లు పది కంపెనీల కలగూరగంప. ఇక్కడ యంత్రం, వ్యవస్థ, దుకాణం ఒకే చేతిలో ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ‘ఎల్డెన్ రింగ్’ అనే ఆట విడుదలైంది. పీసీలో గతుకుల రోడ్డు మీది బస్సులా కుదుపులతో నడిచింది. డెక్‌లో ఆ కుదుపులను వాల్వ్ ఇంజనీర్లు తమ అనువాద పొరలోనే చాలావరకు సరిచేశారు. ఆట తయారీదారు అప్పటికి సరిచేయని లోపాన్ని దుబాసీ సవరించి చెప్పాడన్నమాట. 2025లో లెనోవో సంస్థ లీజియన్ గో ఎస్ అనే చేతి యంత్రాన్ని స్టీమ్‌ఓఎస్‌తో అమ్మింది. పదేళ్ల కింద స్టీమ్‌ఓఎస్ వెనకబడిందని తేల్చిన ఆ ఆర్స్ టెక్నికాయే, ఈసారి అదే యంత్రం మీద విండోస్ 11తో పోల్చి చూసింది. పరీక్షించిన ఆటల్లో ఎక్కువ వాటిలో స్టీమ్‌ఓఎస్‌దే పైచేయి అయింది.

జనాభా లెక్క మాత్రం గర్వాన్ని దించేస్తుంది. స్టీమ్ నెలనెలా వేసే సర్వేలో లినక్స్ వాటా మళ్లీ 1 శాతం దాటడానికి 2021 దాకా పట్టింది. 3 శాతం తొలిసారి దాటింది 2025 అక్టోబరులో. ఆ మూడు శాతంలో దాదాపు నాలుగో వంతు స్టీమ్‌ఓఎస్‌దే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కూడా ఆ నెల 14నే. విండోస్ 11 అడిగే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని యంత్రాలు బోలెడు ఉన్నాయి. వాటి యజమానుల్లో కొందరు ఇటు చూశారనుకోవచ్చు. కానీ ఎదుటివాడి తప్పుల మీద పెరిగే వాటా ఎంతకాలం పెరుగుతుందో చెప్పడం కష్టం. విండోస్ 8 కోపం కూడా చల్లారిపోయింది.

ఇక అసలు గోడ. దుబాసీ కోర్టు గుమ్మం దాకా వస్తాడు. జడ్జి గదిలోకి రానివ్వకపోతే?

ఆన్‌లైన్ పోటీ ఆటల్లో మోసగాళ్లను పట్టే యాంటీచీట్ ప్రోగ్రాములు ఇప్పుడు చాలావరకు విండోస్ కెర్నెల్లోనే కూర్చుంటున్నాయి. ‘వాలరంట్’ వాడే వ్యాన్‌గార్డ్ కంప్యూటర్ లేవగానే తానూ లేస్తుంది. వైన్ పనిచేసేది పై అంతస్తులో. కింది అంతస్తులో దిగే విండోస్ డ్రైవర్‌ను అది లినక్స్‌లో నిలబెట్టలేదు. 2024 మే నెలలో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’కు వ్యాన్‌గార్డ్ రాగానే, అప్పటిదాకా వైన్‌తో ఏదోలా ఆడుకుంటున్నవారికి తలుపు మూసుకుంది.

ఇంకో రకం గోడ సాంకేతికమైనది కానే కాదు. ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు పెద్ద వ్యవస్థలు 2021లోనే ప్రోటాన్‌కు వీలు కల్పించాయి. ఆట తయారీదారు సరేనంటే చాలు. ఈజీ యాంటీచీట్ ఎపిక్ సంస్థదే, దాని సొంత ‘ఫోర్ట్‌నైట్’ మాత్రం సరేననలేదు. ‘జీటీఏ ఆన్‌లైన్’ 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ పెట్టుకుని, డెక్‌లో అప్పటిదాకా నడిచిన ఆటను నడవకుండా చేసింది. ‘ఏపెక్స్ లెజెండ్స్’ మొదట ఒప్పుకుని, 2024 అక్టోబరు 31న లినక్స్‌ను వెళ్లగొట్టింది. ఎవరికి వారు మార్చుకోగల వ్యవస్థలో మోసాన్ని పట్టుకోవడం కష్టమన్నది వారి వాదన. దాన్ని వట్టి సాకని కొట్టిపారేయడానికి లేదు. కెర్నెల్‌ను ఇష్టమొచ్చినట్టు తిరగరాసుకోగలిగినవాడు కాపలావాడి కళ్లకు గంతలు కట్టగలడు. అయితే విండోస్‌లోనూ మోసాలు ఆగలేదు. వాల్వ్ సొంత ‘కౌంటర్ స్ట్రైక్ 2’ కెర్నెల్ జోలికి పోకుండా లినక్స్‌లో నడుస్తోంది. అందులో మోసగాళ్ల బెడద మీద ఆటగాళ్ల సణుగుడూ నడుస్తోంది.

దీనికి ఒక మందు ఉంది. సంతకం ఉన్న కెర్నెల్ తప్ప మరొకటి లేవకుండా సెక్యూర్ బూట్, టీపీఎమ్‌లతో తాళం వేసి, ‘ఈ యంత్రంలో ఎవరూ చెయ్యి పెట్టలేదు’ అని ఆట కంపెనీకి ధ్రువపత్రం పంపడం. 2025లో వచ్చిన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 6’ విండోస్‌లో సెక్యూర్ బూట్ తప్పనిసరి చేసింది. లినక్స్‌కూ అదే చేయవచ్చు. చేశాక మిగిలేది ఏమిటన్నది చూడాలి. మార్చుకునే హక్కు కాగితం మీద ఉంటుంది, మార్చుకున్న మరుక్షణం ఆట నడవదు.

ఇక్కడ ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’లోని ‘ఫ్రీ’ అన్న మాటను కొంచెం గిల్లి చూడాలి. తెలుగులో దానికి రెండు మాటలున్నాయి, ఉచితం, స్వేచ్ఛ. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం చేపట్టినవారు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు, తెలుగులో మాట్లాడే లినక్స్‌ను తయారుచేశారు. స్టీమ్‌ఓఎస్ నిస్సందేహంగా ఉచితం. స్వేచ్ఛ సంగతి అంత తిన్నగా లేదు. కింద కెర్నెల్, డ్రైవర్లు, ప్రోటాన్ అందరూ చదివి మార్చుకోగలిగినవి. పైన స్టీమ్ దుకాణం మూసిన పెట్టె. ఆటలన్నీ మూసిన పెట్టెలే. ఆ ఉద్యమాన్ని అమెరికాలో మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 2012లోనే ఈ విషయం రాస్తూ, ఇలాంటి ఆటలు అనైతికమంటూనే, విండోస్ మీద ఆడేదానికన్నా లినక్స్ మీద ఆడితే మేలే ఎక్కువ కావచ్చన్నాడు. అంత పట్టుదల మనిషి అంత మాత్రం సడలించడం విశేషమే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆటల్లో గెలవడానికి పేరు బయటికి రానక్కర్లేదన్న సంగతికి ఇంకో సాక్ష్యం ఉంది. పదకొండు కోట్లకు పైగా అమ్ముడైన ప్లేస్టేషన్ 4 వ్యవస్థ ఫ్రీబీఎస్‌డీ అనే స్వేచ్ఛా వ్యవస్థ మీద కట్టినదే. ఆడినవారిలో ఎందరికి తెలుసు?

ఇవన్నీ ఒక్క కంపెనీ భుజాల మీద నడుస్తున్నాయన్నది మరో దిగులు. 2019లో ఉబుంటు లినక్స్ తయారీదారులు 32 బిట్ మద్దతు తీసేస్తామంటే, పాత ఆటలన్నీ పోతాయని వాల్వ్ అడ్డం తిరిగింది. కొద్ది రోజుల్లోనే ఉబుంటు వెనక్కి తగ్గింది. బలముండడం మంచిదే, కానీ ఆ బలం ఆటల దుకాణం లాభాల నుంచి వస్తోంది. వాల్వ్ షేర్ మార్కెట్‌లో లేని ప్రైవేటు సంస్థ. రేపు యజమాని మనసు మారితే ఏం చేయాలి? ఊరట ఒక్కటే. రాసిన కోడ్ బయటే ఉంది. ఫెడోరా లినక్స్ మీద కట్టిన బజ్జైట్, ఆర్చ్ మీద కట్టిన కాషీఓఎస్ లాంటివి ఆ కోడ్‌నే తీసుకుని వాల్వ్‌తో నిమిత్తం లేకుండా బతుకుతున్నాయి. ఎపిక్, గాగ్ దుకాణాల ఆటలను హీరోయిక్ అనే ప్రోగ్రాం లినక్స్‌లో తెరుస్తుంది.

2025 నవంబరులో వాల్వ్ స్టీమ్ మెషీన్ పేరును మళ్లీ బయటికి తీసింది. ఈసారి తనే తయారుచేసే ఆరంగుళాల ఘనం, లోపల ఏఎమ్‌డీ చిప్, టీవీ పక్కన పెట్టుకోవడానికి. టీవీ అనగానే ఒక చిన్న ముల్లు. టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎమ్‌ఐ 2.1ను పూర్తిగా వాడే కోడ్‌ను ఏఎమ్‌డీ తన బహిరంగ డ్రైవర్‌లో పెట్టాలనుకుంటే, 2024లో ఆ ప్రమాణాన్ని చూసే హెచ్‌డీఎమ్‌ఐ ఫోరం కుదరదు పొమ్మంది. కోడ్ తయారుగా ఉన్నా అప్పుడు అనుమతి రాలేదు.

మన దగ్గరికి వస్తే, వాల్వ్ స్టీమ్ డెక్‌ను భారత్‌లో నేరుగా అమ్మకానికే పెట్టలేదు. దొరికేవి బయటి నుంచి తెప్పించి, ధర పెంచి అమ్మేవే. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో సెలవులకు వస్తూ తెచ్చిపెట్టినవి కొన్ని. వారంటీ అడగడానికి మనిషి లేడు. అందువల్ల ఇక్కడి కుర్రాడికి ఈ వ్యవస్థ పెన్‌డ్రైవ్‌లోంచే పరిచయం కావాలి. ఒంటరిగా కూర్చుని కథల ఆటలు ఆడేవాడైతే ఒక సాయంత్రంలో పని తేలిపోతుంది. రాత్రి పదయ్యాక నలుగురు దోస్తులతో ‘వాలరంట్’ ఆడేవాడికి మాత్రం ఇది నప్పదు.

అయినా అతని విషయంలో నిర్ణయం చాలాసార్లు అంతకన్నా ముందే, గ్రాఫిక్స్ కార్డు దగ్గరే జరిగిపోతుంది. లినక్స్ కెర్నెల్లో ఏఎమ్‌డీ డ్రైవర్ ముందే ఉంటుంది, స్టీమ్‌ఓఎస్‌ను వాల్వ్ పరీక్షించుకునేది ప్రధానంగా ఆ చిప్పుల మీదే. ఎన్‌విడియా 2022లో తన కెర్నెల్ భాగాన్ని బహిరంగపరచినా మిగతాది ఇంకా మూతవేసే ఉంది. బజ్జైట్ వారు ఎన్‌విడియా కార్డులకు వేరే కూర్పు ఇవ్వాల్సి వస్తోంది. కుర్రాడి చేతిలో కొటేషన్ కాగితం మీద గ్రాఫిక్స్ కార్డు వరసలో మొదటి షాపువాడు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ అని రాశాడు. రెండో షాపువాడు ధర తగ్గించి, అదే ఆర్‌టీఎక్స్ అని రాశాడు.